ముక్కల మాస్టారి పూర్తి వాక్యం

ముక్కల మాస్టారు అన్న పేరు నేను పెట్టింది కాదు, స్టూడియో యజమాని పెట్టింది. కానీ అది ఆయనకు అతుక్కుపోవడానికి కారణం మాత్రం నేనే. కాబట్టి పెద్దమనిషిలా చేతులు కట్టుకుని పక్కన నిలబడి ఆయన కథ చెప్పే యోగ్యత నాకు లేదు. ఆయన కూతురు ఎప్పుడైనా చదువుతుందేమోనని రాస్తున్నాను. మిగతావాళ్లు చదివినా నాకు అభ్యంతరం లేదు.

మాది డబ్బింగు పని. పరాయి భాష సినిమాలకు నేను తెలుగులో మాటలు రాస్తాను, తెర మీద పెదాలు కదిలినంతసేపూ గొంతు ఇచ్చేవాళ్లు ఆ మాటలు చెబుతారు. చీకటి గది, తెర, ఒక మైకు, కాగితాలు పెట్టుకోవడానికి ఇనుప స్టాండు, అద్దం అవతల రికార్డింగు బల్ల. ముప్పై ఏళ్లు నేను అద్దానికి అటు, మాస్టారు ఇటు.

అంతకుముందు ఆయన పాఠ్యపుస్తకాలు అచ్చువేసే ప్రెస్సులో ప్రూఫులు దిద్దేవారు. ఒత్తు పోయినా, దీర్ఘం జారినా ఆయనకు ఆ పూట అన్నం సయించదు. ఎవరైనా శుభలేఖ చేతికిస్తే ముందు జేబులోంచి పెన్ను తీసి తప్పులు దిద్ది, ఆ తర్వాతే పెళ్లి ఎవరికో చూసేవారు. ప్రెస్సు మూతపడ్డాక గొంతు బాగుందని ఎవరో అంటే మా స్టూడియోకు వచ్చారు. పరీక్షకని ఒక రాజు మాటలు పేజీడు ఇచ్చాం. మా యజమాని కళ్లు మూసుకుని విన్నాడు. పేజీ అయిపోయినా కళ్లు తెరవలేదు, అంత బాగుంది. తెరిచి, అద్దంలోంచి మనిషిని చూశాడు. మాస్టారు బాగా నలుపు. "వచ్చే వారం బానిసల సినిమా వస్తోంది కదా, దానికి సరిపోతాడు" అన్నాడు. మైకు ముందు నిలబడ్డ మనిషి ఏ రంగులో ఉన్నాడో సినిమా చూసేవాడికి ఎలా తెలుస్తుందని నేను అడగలేదు. అడగాలని తట్టను కూడా లేదు.

ఆ మొదటి సినిమాలోనే పడింది ముక్కల భాషకు పునాది. కొరడా పట్టుకున్న దొర ముందు ఒక బానిస మోకాళ్ల మీద ఉండి, తను పారిపోలేదని చెబుతాడు. "నేను పారిపోలేదు దొరా, దారి తప్పాను" అని రాశాను. తెర మీద వాడి నోరు ముందే మూతపడుతోంది, మన వాక్యం ఇంకా మిగిలే ఉంది. మన భాషలో క్రియ చివర్న వస్తుంది, అక్కడే చిక్కు. ఇదే చిక్కు దొరగారి మాటలకు వచ్చినప్పుడు పూటంతా కూర్చుని పొట్టి మాటలు వెతికేవాణ్ణి, అదీ కుదరకపోతే దొర వీపు తిప్పినప్పుడు మిగతా సగం చెప్పించేవాణ్ణి. దొరగారి వాక్యానికి తోక తెగకూడదు కదా. ఈసారి ఉన్నది బానిస, పైగా భోజనాల వేళయింది. పెన్నుతో చివరలు కొట్టేశాను. తెర మీద పై పళ్లు కింది పెదవికి తగులుతున్నాయి కాబట్టి 'నేను' తీసేసి 'వీడు' అని పెట్టాను. "వీడు పారిపో లేదు దొరా, వీడు దారి తప్పు." అదీ నేను కనిపెట్టిన భాష.

కాగితం అందుకుని మాస్టారు అద్దంలోంచి నా వైపు చూశారు.

"రచయితగారూ, ఇక్కడ అచ్చుతప్పు పడినట్టుందండీ."

తప్పు కాదు, అలాగే చెప్పాలి అన్నాను. చెప్పారు. యజమాని బల్ల చరిచి, అచ్చం బానిస మాట్లాడినట్టే ఉందన్నాడు. అసలు సినిమాలో ఆ మనిషి తన భాషలో ఏ లోటూ లేకుండా మాట్లాడాడు. ఆ సంగతి ఆ గదిలో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే.

అక్కణ్ణుంచి ఏ దేశం సినిమా వచ్చినా, ఏ కాలం కథయినా, తెర మీద నల్లవాడు కనపడితే చాలు, మాస్టారికి కబురు వెళ్లేది. పొలంలో పని చేసేవాడు, పడవ నడిపేవాడు, జైల్లో ఉన్నవాడు, అందరిదీ ఒకటే భాష. ఒక సినిమాలో నల్ల డాక్టరు కూడా "వీడు ఆపరేషను చెయ్యి" అన్నాడు. రోగి ఎలా బతికాడో దేవుడికే తెలియాలి. జనం నవ్వేవారు, పిల్లలు అనుకరించేవారు. యజమాని ఆయనకు ముక్కల మాస్టారని పేరు పెట్టేశాడు. ఆయన పొద్దున వచ్చి, చెప్పులు గుమ్మం బయట విడిచి, గోరువెచ్చని నీళ్లు తాగి, సాయంత్రం దాకా తెలుగును విరిచి ఇంటికెళ్లి, ఎదురింటి పిల్లల కాంపోజిషన్లు దిద్దేవారు.

ఆ అనుకరణ ఆయన కూతురి బడి దాకా వెళ్లింది. టీచరు హోంవర్కు అడిగితే వెనక బెంచీలోంచి ఎవరో "వీడు రాయి లేదు దొరా" అనేవారట, క్లాసంతా ఆ పిల్ల వైపు తిరిగి నవ్వేదట. ఆమెదీ తండ్రి రంగే. ఒకరోజు ఇంటికొచ్చి, ఆ సినిమాలు మానెయ్యమని తండ్రిని అడిగింది. ఆయన మానలేకపోయారు, ఆమె చూడడం మానేసింది. తండ్రి గొంతు ఉన్న సినిమా ఒక్కటి కూడా ఇరవై ఏళ్లుగా ఆమె చూడలేదు. ఇంట్లో మాట్లాడుకునేవారు, కాదనను. కానీ ఆయన చేసే పని మాట ఆ ఇంట్లో ఎవరూ ఎత్తేవారు కాదు.

అంత మాత్రాన ఆమె దాన్ని వదిలెయ్యలేదు. యూనివర్సిటీలో పరిశోధన చేసింది. బానిసత్వం మీద వచ్చిన సినిమాల్లో నల్లవాళ్లను ఎలా చూపించారు, ఏలినవాళ్లు వెళ్లిపోయాక కూడా వాళ్ల కళ్లతోనే మనం లోకాన్ని ఎందుకు చూస్తున్నాం అన్నది విషయం. నాలుగు వందల పేజీలు. బైండు చేయించిన కాపీ ఒకటి ఇంట్లో పెట్టింది. మాస్టారు ఊరుకుంటారా? మొదటి పేజీ నుంచీ ప్రూఫు దిద్దారు.

నాలుగో అధ్యాయం మా గురించే. ఉదాహరణలన్నీ మావి, చిన్నప్పుడు చూసిన సినిమాల్లోంచీ, బడిలో పిల్లలు అనుకరించిన మాటల్లోంచీ తీసుకున్నవి. ఒకచోట ఆమె రాసిందాని సారం ఇది: "నన్ను అమ్మారు" అనే వాక్యంలో అమ్మినవాళ్లు చివరి అక్షరాల్లో ఉంటారు. ఆ చివర కోసేసి "వీడు అమ్ము" అంటే అమ్మినవాళ్లు తప్పించుకుంటారు, అమ్ముడుపోయినవాడే అమ్మినవాడిలా మిగులుతాడు. సంకెళ్లు వాళ్లు వేశారు, క్రియలు మనం కోశాం. ఆ కింద, ఈ గొంతు ఎవరిదో తెలియదు అని రాసింది.

తెలియకేం! ఆ పేజీ మాస్టారు నాకు చూపించారు. 'తెలియదు' పక్కన ఆయన ఏమైనా రాశారేమోనని చూశాను. రెండు లైన్ల పైన ఒక దీర్ఘం దిద్దారు, అంతే. నేను ఆ అధ్యాయమంతా అక్కడే నిలబడి చదివాను. నా పేరు కూడా ఎక్కడా లేదు. సిగ్గు లేకుండా చెబుతున్నాను, ఊపిరి పీల్చుకున్నాను.

ఆ తర్వాత ఏడాదికి మాస్టారి గొంతు బొంగురుపోయింది. మామూలు జలుబనుకున్నాం. డాక్టరు లోపల చూసి, స్వరపేటిక మొత్తం తీసెయ్యాలి, లేకపోతే ప్రాణం మీదికి వస్తుందని చెప్పాడు. ఆపరేషనుకు మూడు వారాల గడువు. సరిగ్గా ఆ వారమే మా స్టూడియోకు మరో బానిసల సినిమా వచ్చింది. అందులో ఒక ముసలి బానిస న్యాయస్థానంలో లేచి నిలబడి ఎవరూ అడ్డుపడకుండా నాలుగు నిమిషాలు మాట్లాడతాడు. కథంతా ఆ నాలుగు నిమిషాల మీదే నిలబడింది.

మాస్టారు మా ఇంటికి రావడం అరుదు. ఆ సాయంత్రం వచ్చి, కుర్చీ అంచున కూర్చుని, ఎలా మొదలుపెట్టాలో తెలియక కాసేపు నా బల్ల మీది కాగితాల్లో తప్పులు వెతికారు. తర్వాత చెప్పారు. పోయే గొంతు ఎలాగూ పోతోంది. పోయేలోగా ఒక్క మనిషి చేత, మొదటి నుంచి చివరి దాకా, వాక్యం విరగకుండా మాట్లాడించాలి. కూతుర్ని పక్కన కూర్చోబెట్టుకుని అది వినిపించాలి. ముప్పై ఏళ్లలో ఆయన నన్ను అడిగింది అదొక్కటే.

మూడు రోజులు వాళ్ల ముందు గదిలో కూర్చున్నాం. ఆ నాలుగు నిమిషాలూ పెట్టిన చిన్న తెర, పక్కన ఆయన పాత ప్రెస్సు స్కేలు. దానితో లెక్కపెట్టేవారు, ముసలాడి పెదాలు ఎన్నిసార్లు కలిశాయి, ఎక్కడ ఊపిరి తీసుకున్నాడు, ఎక్కడ మింగాడు. నేనొక మాట అంటే ఆయన ఒకటి తగ్గించేవారు. దొరల కోసం పడే పాటు మొదటిసారి బానిస కోసం పడ్డాను. కూతురు అటూ ఇటూ తిరుగుతూ ఏం చేస్తున్నారని అడిగితే, మాస్టారు పని అన్నారు తప్ప ఏం పనో చెప్పలేదు. ఆమె దాన్ని థియేటర్లోనే వినాలట. మూడో రోజుకి కుదిరింది. చివరి భాగం నాకు ఇప్పటికీ నోటికి వచ్చు.

"నన్ను రెండుసార్లు అమ్మారు. మొదటిసారి అమ్మినప్పుడు నాకు తొమ్మిదేళ్లు. నా కూతుర్ని కూడా తొమ్మిదేళ్లకే అమ్మారు. బండి ఎక్కించి తీసుకుపోయారు. ఆ బండి మలుపు తిరిగే దాకా చూశాను, ఇరవై ఏళ్లుగా ఆ మలుపు వైపే చూస్తున్నాను. మీ జాలి కోసం రాలేదయ్యా. ఆ బండి ఎక్కడికి పోయిందో అడగడానికి వచ్చాను."

రికార్డింగు ఆపరేషనుకు రెండు రోజుల ముందు పడింది. గొంతులో అప్పటికే గాలి ఎక్కువ, నాదం తక్కువ. ఆ గాలే ఆ ముసలాడికి అతికినట్టు సరిపోయింది. మొదటి టేకుకే నాలుగు నిమిషాలూ ఒక్క పెదవి తప్పకుండా చెప్పేశారు. యజమాని అద్దం ఇవతల నుంచి, బాగుంది, ముందు జాగ్రత్తకి మన మామూలు పద్ధతిలో కూడా ఒకటి చెప్పెయ్యండి మాస్టారూ అన్నాడు.

మాస్టారు హెడ్‌ఫోను తీసి స్టాండుకు తగిలించారు.

"ఇంకో టేకు లేదండీ. ఎల్లుండి నుంచి ఈ గొంతే ఉండదు. మీ దగ్గర ఉన్నది ఇదొక్కటే, ఇదే వాడుకోండి."

ముప్పై ఏళ్లలో యజమానికి ఆయన చెప్పిన ఎదురుమాట అదొక్కటే. గుమ్మం దగ్గర చెప్పులేసుకుంటూ నన్ను చూసి నవ్వారు. గెలిచాననుకున్నారు. నేనూ అలాగే అనుకున్నాను.

ఆపరేషను బాగా జరిగిందన్నారు. మెడ మీద చిల్లు, దాని మీద గుడ్డ, చేతిలో చిన్న నోటుపుస్తకం. నర్సు ఒక అట్ట ఇచ్చింది, దాని మీద నీళ్ల గ్లాసు, మంచం, నొప్పి అని బొమ్మలు, కావలసినదాని మీద వేలు పెడితే చాలు. ఆయన అట్ట పక్కన పెట్టి, "సిస్టరుగారూ, నాకు కొంచెం మంచినీళ్లు ఇస్తారా?" అని రాశారు. ప్రశ్నార్థకం కూడా పెట్టారు. ఆవిడ నాలుగు మంచాల అవతల పని వదిలి వచ్చి, అదంతా రాయడం పూర్తయ్యే దాకా నిలబడి చూసింది. నీళ్లు అని రాస్తే సరిపోతుంది కదా అని నేనన్నాను. "సరిపోదు" అని రాసి, చుక్క పెట్టారు.

ఆయన ఇంకా ఆసుపత్రిలో ఉండగానే యజమాని నన్ను పిలిచాడు. సినిమా కొన్నాయన పదిమందిని కూర్చోబెట్టి చూపించాడట. బానిస బడిపంతుల్లా మాట్లాడుతున్నాడేంటి, నమ్మేలా లేదు అన్నారట. వేదికల మీద గొంతులు అనుకరించే మిమిక్రీ ఆయన ఒకడున్నాడు, మా స్టూడియో వార్షికోత్సవంలో ఏటా మాస్టారి గొంతు చేసి నవ్విస్తాడు. అతను రెడీగా ఉన్నాడు. కావలసింది పాత పద్ధతిలో మాటలు. ఎంతసేపు పడుతుంది అన్నాడు.

కుదరదని అని ఉండవచ్చు. అంటే వేరేవాడు రాసేవాడు, నిజమే, కానీ అప్పుడు రాసింది వేరేవాడయ్యేవాడు, నేను కాదు. నాకు అరవై దాటాయి, కొత్తగా వచ్చిన రచయితలు ఇద్దరు బయట బెంచీ మీద కూర్చుని ఉన్నారు. భయమేసింది. భయం కూడా సగమే, మిగతా సగం అలవాటు. మూడు రోజులు కష్టపడి కుదిర్చిన నాలుగు నిమిషాలను క్యాంటీను బల్ల మీద అరగంటలో విరిచేశాను. చెయ్యి దానంతటదే రాసుకుపోయింది. "నా కూతుర్ని అమ్మారు" దగ్గర మాత్రం ఆగాను. నాలుగో అధ్యాయం గుర్తొచ్చింది. గుర్తొచ్చే రాశాను, "బిడ్డ అమ్ము" అని.

ఆ సాయంత్రం ఆసుపత్రికి వెళ్లాను. "మన సినిమా ఎప్పుడు విడుదలవుతుంది?" అని రాసి చూపించారు. తేదీ చెప్పాను. అది తప్ప ఏమీ చెప్పలేదు.

విడుదల రోజు ఉదయం ఆటకు మూడు టికెట్లు ఆయనే తెచ్చారు. ఏదో వంక పెట్టి తప్పించుకుందామనుకున్నాను. ఆ రోజుకి ఆయనకు జ్వరం వస్తే బాగుండునని కూడా అనుకున్నాను. అలాంటి మనిషిని నేను. కూతురు వచ్చింది. నాన్న పేజీడు రాసి అడిగారు అంకుల్, కాదనలేకపోయాను అని నాతో అంది. మాస్టారు ఉతికిన తెల్ల చొక్కా వేసుకుని, మెడకు పలచని గుడ్డ చుట్టుకుని, మా ఇద్దరి మధ్య కూర్చున్నారు.

న్యాయస్థానం వచ్చింది. ముసలాడు లేచి నిలబడ్డాడు. మాస్టారు కూతురి చెయ్యి అందుకున్నారు. మొదటి 'అయ్యా' వినగానే నాకే ఒళ్లు జలదరించింది, అంత అచ్చంగా ఆయన గొంతే.

"అయ్యా... వీడు రెండుసారి అమ్ము. బిడ్డ అమ్ము. బండి ఎక్కించు, బండి పో. వీడు చూడు, వీడు చూడు..."

రెండో 'వీడు చూడు'కి హాలు నవ్వింది. చెడ్డ నవ్వేం కాదు, పాత నేస్తం కనపడితే నవ్వే నవ్వు. మా వెనక వరసలో ఒక పెద్దావిడ పక్కవాళ్లను అడిగింది.

"ఏంటి, కూతుర్ని వీడే అమ్మేశాడా?"

"అలాగే ఉంది మరి" అన్నారెవరో.

మాస్టారి కూతురు తన చెయ్యి వెనక్కి తీసుకుంది. విసురుగా కాదు, నెమ్మదిగా. ఆయన ఆమె వైపు తిరిగి తల అడ్డంగా ఊపారు, పెదాలు కదిపారు. మెడ దగ్గర గుడ్డ ఉబ్బింది, తగ్గింది, ఉబ్బింది. ఆ చీకట్లో రాసినా చదవడానికి కుదరదు. మిగతా సినిమా అంతా అలాగే కూర్చున్నాం, ఎవరం లేవలేదు. ఆ గంటసేపు నేను ఏం అనుభవించానో రాసి జాలి సంపాదించుకోను.

వరండా వెలుతురులోకి రాగానే ఆయన నోటుపుస్తకం గోడకు ఆనించి రాశారు. "అమ్మా, అది నా గొంతు కాదు. నేను మొత్తం వాక్యాలు చెప్పాను." ఆమె చదివింది. కోపం లేదు ఆమెకు, అలసట ఉంది.

"మీ గొంతు నాకు తెలియదా నాన్నా? చిన్నప్పటి నుంచీ వింటున్నదేగా."

ఆయన పెన్నుతో నా వైపు చూపించారు. అడుగు, చెబుతాడు అన్నట్టు. ఆమె నా వైపు తిరిగింది.

"మీరు చెప్పండి అంకుల్. ఈ మాటలు ఎవరు రాశారు? అది నాన్న గొంతేనా?"

ఒక్క మాట చాలు. యజమాని చేయించాడనో, మిమిక్రీ ఆయన చెప్పాడనో, నేనే రాశాననో, ఏదో ఒక నిజం చెబితే ఆయన పక్కకు ఆమె మళ్లీ జరిగేది. జనం మా చుట్టూ మెట్లు దిగుతున్నారు, ఎవరో "వీడు చూడు, వీడు చూడు" అంటూ పోతున్నారు.

"నాకు తెలియదమ్మా" అన్నాను.

తప్పు పట్టడానికి లేని పూర్తి వాక్యం. మాస్టారు నా ముఖం వైపు చాలాసేపు చూశారు. నా ముక్కలు ఆయనకు తెలియవా? ముప్పై ఏళ్లు నోటితో మోసిన మనిషి. నోటుపుస్తకంలో కొత్త పేజీ తిప్పి, ఏదో రాసి, ఆ కాగితం చించి, కూతురికి చూపించకుండా మడిచి నా జేబులో పెట్టారు. తర్వాత మెట్ల కమ్మీ పట్టుకుని దిగిపోయారు. ఆమె రెండు మెట్లు ముందు నడిచింది.

వాళ్లు వెళ్లాక విప్పి చూశాను. ఆపరేషను అయినప్పటి నుంచీ నీళ్లు కావాలన్నా చుక్కతో సహా మొత్తం వాక్యం రాసిన చెయ్యి అది. ఆ కాగితం మీద మూడే మాటలున్నాయి, చుక్క కూడా లేదు.

"వీడు తెలుసు దొరా"

ఆ కాగితం నా దగ్గరే ఉంది. ఆమె ఇంకా చూడలేదు.